సౌదీ మిషన్‌కు పెట్టిన బొట్టు

దసరా నాడు మా నాయిన బొట్టు పెట్టని వస్తువు ఇంట్లో ఉండేది కాదు. మిల్లులో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. పొద్దున్నే పానాలు, సుత్తి, స్క్రూడ్రైవర్లు కడిగి పీట మీద పరిచేవాడు. తర్వాత స్కూటరు, అమ్మ కుట్టుమిషను, గ్రైండరు. పాత స్కూటరు అమ్మేసిన రోజు కూడా దానికి బొట్టు పెట్టి, హారతిచ్చి, కళ్లు తుడుచుకుని మరీ పంపాడు. నా బీరువా దగ్గరికి వచ్చేసరికి మాత్రం పసుపు గిన్నె వెనక్కి తిరిగేది.

"ఇవి బొమ్మలురా. పని జేసేటివాటికే బొట్టు" అనేవాడు.

ఆ బీరువాలో ఉన్నవి పాత వీడియో గేములు. టీవీకి తగిలించి ఆడే మిషన్లు, వాటి క్యాసెట్లు, రిమోట్లు, తెర మీది బాతుల్ని కాల్చే ప్లాస్టిక్ తుపాకి. నాచారంలో ఇళ్లలోకి కంప్యూటర్లు రావడం మొదలై, జనం వీటిని తుక్కులో పడేస్తున్న రోజుల్లో నేను ఏరుకోవడం మొదలుపెట్టాను. మల్లాపూర్‌లో ప్లాస్టిక్ సామాన్ల కంపెనీలో నా ఉద్యోగం. అచ్చులోంచి వచ్చిన ముక్క బాగుందో లేదో చూడటమే పని. ఆదివారమొస్తే ఉప్పల్ తుక్కు దుకాణాల్లో తిరిగేవాణ్ణి. దొరికినదాని మూత విప్పి, దుమ్ము దులిపి, తెగిన వైరు అతికించి, టీవీలో బొమ్మ వచ్చేదాకా లేచేవాణ్ణి కాదు. ఇది పని కాకపోతే ఏది పనో నాకు ఇప్పటికీ తెలియదు. నాకు కావలసిందల్లా ఏడాదికొకసారి ఒక బొట్టు. అంతకంటే ఏమన్నా అడిగానా?

వాటన్నిటిలో నా ప్రాణం సౌదీ మిషన్. మేడిపల్లిలో, సౌదీలో చానాళ్లు పనిచేసి తిరిగొచ్చిన ఒక పెద్దాయన ఇచ్చాడు. పిల్లల కోసం అక్కడ కొన్నదట. అరబ్బీ అక్షరాల అట్టపెట్టెతో సహా, ఒక్క గీత లేకుండా ఉంది. దాంతోపాటు ఇటుకంత బరువున్న ఇనుప డబ్బా ఒకటి చేతిలో పెట్టాడు. కరెంటును తగ్గించి పంపే ట్రాన్స్‌ఫార్మర్ అది.

"నేనున్నకాడ కరెంటు మనదాంట్ల సగమే. ఈ డబ్బ నడుమ లేకుంట పెట్టినవో, కాలి బూడిదైతది. యాదిమరువకు బిడ్డా" అన్నాడు.

నేను మరువలేదు. మరిచేవాళ్లు వేరే ఉన్నారు.

ఆ ఏడు దసరా పొద్దున కంపెనీలో పూజకు వెళ్లాను. మిషన్లన్నిటికీ నా చేత్తోనే బొట్లు పెట్టి, గుమ్మడికాయ కొట్టి, ప్రసాదం పట్టుకుని ఇంటికొచ్చాను. వరండాలో నా గేములన్నీ వరసగా పేర్చి ఉన్నాయి. ఒక్కోదానికీ పసుపు, కుంకుమ, మీద బంతిపువ్వు. సౌదీ మిషన్‌కైతే ఏకంగా దండ! అబ్బ, ఆ క్షణం నా సంతోషం ఎవరికి చెప్పుకోను?

"నాయినా, పెట్టినవా!" అన్నాను.

"పెట్టకుంట ఎట్ల పంపిస్త?" అన్నాడు నాయిన. "అల్లుడు అన్నోజిగూడల గేముల దుకాణం తెరుస్తుండు. హాస్టల్ పిల్లలు మస్తుగొస్తరంట. ఇయ్యాలనే ముహూర్తం."

అప్పుడు చూశాను, గేటు బయట ఆటో. మా బావ నవ్వుతూ వచ్చి, సాయంత్రం పెట్టాల్సిన జమ్మి ఆకు అప్పుడే నా చేతిలో పెట్టి, అలాయ్ బలాయ్ అంటూ గట్టిగా కావలించుకున్నాడు. ఆ కౌగిలి ఇప్పుడు తలుచుకున్నా ఒళ్లు మండుతుంది.

"అవి నావి నాయినా. నన్నొక్క మాట అడగొద్దా?"

"పండుగ పూట అల్లుడు నోరు తెరిచి అడిగితె లేదంటనా? మీ అక్క మొకమన్న సూడు."

చూశాను. అక్క తల వంచుకుని కొంగు మెలిపెడుతోంది. పండుగకొచ్చిన అల్లుడికి లేదనే ఇల్లు మా వైపు నేనెక్కడా చూడలేదు. చివరికి ఆ ఇనుప డబ్బా తెచ్చి ఆటోలో పెట్టాను. అది లేకుండా సౌదీ మిషన్‌ను ముట్టుకోవద్దని బావకు చిలక్కి చెప్పినట్టు చెప్పాను.

"కరెంటు తక్కువ జేసుడేంది బామ్మర్ది? హైవే మీద మాకు ఫుల్ కరెంటు" అంటూ నవ్వాడు. కాళ్లు పెట్టుకోవడానికి జాగా లేదని డబ్బా తీసి గేటు పక్కన పెట్టేశాడు. నేను తిరిగి అందించేలోపే ఆటో పోయింది. డబ్బా మిగిలింది. ఫోను చేస్తే ఎత్తలేదు.

సాయంత్రం తనే చేశాడు. "ఏం మాలిచ్చినవ్ బామ్మర్ది? కొబ్బరికాయ కొట్టి స్విచ్చేసిన్నో లేదో, పొగ! పదిమంది ముంగట ఇజ్జత్ పాయె. మొదటి రోజే అపశకునం."

ఫోను పెట్టేసి, బావ అరుపులన్నీ విన్న నాయిన వైపు తిరిగాను, ఒక్క మంచి మాట అంటాడేమోనని.

"ఖరాబుదని ముందే చెప్పొద్దారా?" అన్నాడు.

ఆ దుకాణం సంక్రాంతి దాకా కూడా నడవలేదు. మిగతా మిషన్లు ఏమయ్యాయో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఉప్పల్ తుక్కు దుకాణాల వైపు పోవడం మానేశాను. అక్క పండుగలకు వస్తూనే ఉంది, బావ కావలించుకుంటూనే ఉన్నాడు. నేను నవ్వుతూనే ఉన్నాను, సిగ్గులేకుండా.

రాష్ట్రం వచ్చాక మొదటి దసరా. ఊరంతా సంబరంగా ఉంది. నాయినకు వయసు మీద పడింది, అయినా పీట మీద పానాలు పరిచాడు. అన్నీ అయ్యాక, ఎన్నడూ లేనిది, నా బీరువా ముందుకొచ్చి నిలబడ్డాడు. లోపల ఆ ఇనుప డబ్బా ఒక్కటే ఉంది.

"దీనికి పెట్టనా బిడ్డా? ఇదైతె పని జేస్తది గద" అన్నాడు. కుంకుమలో ముంచిన వేలు అప్పటికే ముందుకొచ్చింది.

నేను డబ్బాను తీసి ఒళ్లో పెట్టుకున్నాను.

"పని జేస్తది నాయినా, మంచిగ జేస్తది. బొట్టు మాత్రం పెట్టకు. నువ్వు బొట్టు పెట్టినంక నాదేదీ ఇంట్ల ఉండలే."