లేకపోతే లేని మాట

ప్రోగ్రాములు రాసే ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నాకు ఒక్కదానితో పడలేదు: ఒంటికాలి 'ఇఫ్' వాక్యం. ఇలా అయితే ఈ పని చేయమంటుంది, కాకపోతే ఏమిటో చెప్పదు. యంత్రమూ అడగదు, తన దారిన తాను పోతుంది. అదే షరతును జవాబుగా ఒక విలువ ఇచ్చేలా రాస్తే ఆ వేషాలు సాగవు. ఇలాగైతే ఇది, లేకపోతే అది అని రెండూ చెప్పి తీరాలి. ఏదో ఒకటి చేతికి రావాలి. రెండూ ఒకటే కదా సార్ అనే కుర్రవాళ్లతో వాదించి వాదించి, ఆఫీసులో బేషరతు శత్రుత్వం సంపాదించుకున్నాను. ఈ పంతం కంప్యూటరు నేర్పింది కాదు, ఉదయగిరిలో మా నాయన పెట్టింది.

యాభైల నాటి మాట. మా చిన్నాయన వేరుపడి సీతారామపురం దగ్గర మెట్ట చేను చేసుకుంటున్నాడు. భాగాల దగ్గర పుట్టిన వైరం ఇంకా పచ్చిగానే ఉంది. ఆ ఏడు వాన ఆలస్యంగా పడింది. ఆయన భాగపు విత్తనం శనక్కాయలు మా ఇంట్లో ఉండిపోయాయి. నేలలో పదును ఆరితే ఆ ఏటికి పంట లేనట్టే, వెంటనే పంపమని కబురు చేశాడు. నాయన జీతగాడిని పిలిచి, "బస్సొస్తే మూటలు ఎక్కించు" అని, పనిమీద ఆత్మకూరు వెళ్లిపోయాడు.

బస్సు దారిలో ఎక్కడో చెడిపోయింది. జీతగాడు మూటల మీద కూర్చున్నాడు. మా బండీ ఎద్దులూ ఖాళీగానే ఉన్నాయి. అప్పటికి నేను బడికి పోయే పిల్లవాణ్ణి, అయినా బండి కట్టమన్నాను.

"అయ్య బండి మాట అన్లేదే" అన్నాడు.

చెప్పని పని చేస్తే నాయన ఏం చేస్తాడో ఇద్దరికీ తెలుసు. మర్నాడూ అలాగే గడిచింది.

చివరికి చిన్నాయనే వచ్చాడు. నాయన అప్పుడే ఆత్మకూరు నుంచి దిగాడు.

"పదునంతా ఆరిపోయినాక గూడా మూటలు ఈడే ఉండాయేందన్నా?"

"బస్సొస్తే ఎక్కించమనే చెప్పినాను."

"రాకపోతే?"

నాయన జీతగాడి వైపు చూశాడు.

"అది తమరు చెప్పలేదయ్యా" అన్నాడు వాడు.

"చెప్పడురా. నా చేను బీడు పడితే ఆయనకు పండగ" అన్నాడు చిన్నాయన.

"ఏందిరా, నోరు లేస్తా ఉండాది?"

"చేను ఎట్టాగూ లేవదు. నోరన్నా లేవనీ."

నాయన కండువా దులుపుకున్నాడు. "మూటలు తీసకపో. మళ్లీ వానొస్తే వేసుకో."

"మీరే వేయించుకుని తినండి" అని చిన్నాయన ఖాళీ చేతులతో వెళ్లిపోయాడు.

వాన మళ్లీ రాలేదు. సొంత చేను ఉన్న మనిషి ఆ ఏడు జలదంకి వైపు కూలికి పోయాడు. మా గడప మళ్లీ తొక్కలేదు.