లెక్కల ఆటలో గాడిద

కంప్యూటరు గదిలోకి చెప్పులు విప్పి, గుడిలోకి వెళ్ళినంత భక్తిగా వెళ్ళే కాలం అది. ఆ రోజుల్లో తెరమీద కదిలేదంతా చదువేనని పెద్దలు నమ్మేవారు. వాళ్ళకంటే గట్టిగా నేను నమ్మేవాణ్ణి. అప్పుడే బీఎడ్ పూర్తిచేసి, భీమడోలు నుంచి రోజూ పాసింజరు బండిలో ఏలూరు వచ్చి ఒక ప్రైవేటు బళ్ళో లెక్కలు చెప్పేవాణ్ణి. మా కరస్పాండెంటుగారికి (ఆయన ఎంతవరకు చదివారని అడిగే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు) తాడేపల్లిగూడెం నుంచి వచ్చిన ఒక టైకట్టు పెద్దమనిషి లెక్కల ఆట సీడీ అంటగట్టాడు. "పావురం మీట నొక్కగానే గింజ వేశామనుకోండి, మళ్ళీ మళ్ళీ నొక్కుతుందండీ. పిల్లలూ అంతేనండీ! జవాబు ఒప్పయితే చిలక గంతులేస్తుంది, తప్పయితే గాడిద ఓండ్ర పెడుతుంది. సిగ్గుపడి నేర్చేసుకుంటారండీ" అన్నాడు. పిల్లల్ని పావురాలతో పోల్చినందుకు మాలో ఎవరికీ కోపం రాలేదు. నేనైతే ఆ శాస్త్రమంతా నా జేబులో ఉన్నట్టు తల ఊపాను కూడా.

పిల్లలు కంప్యూటరు గదికి పరుగులు తీస్తుంటే పద్ధతి ఫలించిందని కరస్పాండెంటుగారూ నేనూ పొంగిపోయాం. లోపలినుంచి ఓండ్రలే ఎక్కువ వినబడుతున్నాయని గమనించే తెలివి ఇద్దరికీ లేకపోయింది. ఆ పొంగులోనే తల్లిదండ్రుల సమావేశం పెట్టి, లెక్కల్లో అందరికంటే చురుకైన ఒక కొల్లేటి పిల్లను అందరి ఎదుటా కంప్యూటరు ముందు కూర్చోబెట్టాం. (వచ్చే ఏటి అడ్మిషన్లూ, నా ఉద్యోగమూ ఆ పిల్ల వేళ్ళమీదే ఉన్నాయి.) ఏడెనిమిదులెంత అని తెర అడిగింది. పిల్ల యాభై నాలుగు కొట్టింది. గాడిద ఓండ్ర పెట్టింది. తర్వాతి లెక్కా తప్పే. ఈసారి గాడిద వెనక్కి తన్ని బకెట్టు ఎగరగొట్టింది. హాలంతా నవ్వులు.

"ఏవండీ మాస్టారూ, ఏడో ఎక్కమైనా నేర్పలేదాండీ మీరు?" అని కరస్పాండెంటుగారు నా చెవిలో పళ్ళు నూరారు. చేపల చెరువుల మీద పనిచేసే ఆ పిల్ల తండ్రి లేచి, "మా అమ్మాయికి వచ్చండీ. ఇంటికాడ గడగడా చెప్పేస్తదండీ" అన్నాడు నొచ్చుకుంటూ. ఏం చేయాలో తోచక స్పీకర్ల వైరు పీకేశాను. పిల్ల చిన్నబుచ్చుకుని నావైపు చూసి, ఆ తర్వాత వరసగా అన్నీ ఒప్పే కొట్టింది. చిలక చప్పుడు లేకుండా గంతులేసింది, దాన్నెవరూ చూడలేదు.

"మరి ఇందాక తప్పెందుకు కొట్టావమ్మా?" అని అడిగాను.

"చిలక ఎప్పుడూ ఒకేలాగ గెంతుతుందండీ. గాడిదైతే ఈసారి ఎలా అరుస్తదో, ఏం చేస్తదో తెలీదు కదండీ!"

కరస్పాండెంటుగారు ఆ సీడీని బీరువాలో పెట్టి తాళం వేశారు. నా ఉద్యోగం నిలిచింది (తప్పంతా గాడిదదేనని తేలింది). సాయంత్రం బండెక్కి కూర్చున్నాక గుర్తొచ్చింది: బహుమతి ఎప్పుడు, ఏ రూపంలో వస్తుందో ముందే తెలియకపోతేనే ప్రాణి దానికోసం మరింత వెంపర్లాడుతుందని బీఎడ్ పరీక్షలో పేజీలకు పేజీలు రాసి, మా బ్యాచిలో అందరికంటే ఎక్కువ మార్కులు తెచ్చుకున్నవాణ్ణి నేనే. అప్పటి నాలోని ఆ కుర్ర మాస్టారుని తలుచుకుంటే ఇప్పటికీ జాలీ నవ్వూ కలిసి వస్తాయి. పాపం, తను రాసిందేమిటో అతనికి ఒక నాలుగో క్లాసు పిల్ల విడమర్చి చెప్పాల్సివచ్చింది.