ఇనపపెట్టెలో నా కొడుకు

అప్పట్లో కలకత్తా వాట్‌గంజ్‌లో ఉండేవాళ్లం. మావారు డాక్‌లో కూలీ. దసరా పూజా సెలవుల్లో పిల్లలిద్దర్నీ జూకి తీసుకెళ్లే స్తోమత లేక, దాగుడుమూతలు ఆడుకోమని చెప్పి బయట బట్టలు ఉతుక్కుంటున్నాను.

కాసేపటికి అమ్మాయి వచ్చి, "అమ్మా, తమ్ముడు ఎక్కడా అవుపడ్నేదే!" అంది.

మంచం కింద, మేడ మీద, వీధిలో వెతికాం. చివరికి చూస్తే, మూలనున్న పెద్ద ఇనపపెట్టెకు మూత పడ్డ అదటుకి గొళ్లెం పడి ఉంది. తెరిచాను. ఐదేళ్ల వాడు చెమటతో తడిసి, పెదాలు నల్లబడి, కదలకుండా పడి ఉన్నాడు. నా కేక విని వచ్చిన పక్కింటి బెంగాలీ అన్న, మేం దాదా అనేవాళ్లం, వాడి నోట్లో గాలి ఊదితే ఊపిరి అందుకున్నాడు.

"శానాసార్లు పిలిసినాను, నీకు ఇనబడనేదేటమ్మా?" అని ఏడ్చాడు.

"నేదు నాన్నా," అన్నాను.

నిజానికి గదిలోంచి దబదబమని చప్పుడు వినిపించింది. ఆటే అనుకుని ఉతుకుతూనే ఉన్నాను. వాడిప్పుడు ఇద్దరు పిల్లల తండ్రి. వాడితో చెప్పలేని ఆ మాట మీకు రాస్తున్నాను.