మదార్ చిచ్చా వదిలేసిన పేర్లు

అక్టోబర్ నెల, రెండో ఆదివారం, సాయంత్రం ఐదున్నర. నల్గొండలో మా ఇల్లు, వెనక వరండా. హాజరైనవారు: నేను, నా భార్య సుగుణ, దేవరకొండ నుంచి వచ్చిన మా యాదమ్మక్క.

డైరీలో ఇంతవరకు రాసి కలం ఆపాను. మా పెళ్లినాటి పరుపు కుట్లు విప్పి వరండాలో పరచి ఉంది. గడ్డలు కట్టిన పాత దూది ఎండకు కాగి, దుమ్మూ ఆముదమూ పాత బట్టలూ కలిసిన వాసన వేస్తోంది. దాన్ని మళ్లీ ఏకించడానికి మనిషి దొరకక పారేయాలని సుగుణ నిర్ణయించింది. సరిగ్గా ఆ దూది ముందు కూర్చునే మేం ముగ్గురం మదార్ చిచ్చా కొత్త ఆల్బమ్ విన్నాం. మొత్తం తొమ్మిది పాటలు. పూర్తయ్యేసరికి నాకు పట్టరాని కోపం వచ్చింది.

ఆ కోపం అర్థం కావాలంటే ఎనభైల మొదట్లో మా ఊరికి పోవాలి. దేవరకొండ రోడ్డు మీద బస్సు దిగి, కంకర బాటన రెండు మైళ్లు నడిస్తే మా ఊరు. నల్లరేగడి తక్కువ, చెలక ఎక్కువ, బండలు ఇంకా ఎక్కువ. ఆముదాలూ జొన్నలూ పల్లీలూ పండేవి. బావి నీళ్లు తాగి మా అందరి పళ్లూ పసుపు చారలు దేరి ఉండేవి. మా బాపు నందికొండలో కాలువల ఆఫీసులో పని చేస్తూ నెలకోసారి ఇంటికొచ్చేవాడు. నేను ఎనిమిదో తరగతికి వచ్చిన ఏడు ఆఫీసులో మిగిలిపోయిన ఒక డైరీ తెచ్చి నా చేతిలో పెట్టి, "నేను లేనప్పుడు ఇంటికి ఎవలెవలొచ్చిన్రో రాసి పెట్టు బిడ్డా" అన్నాడు. నెలాఖరున వచ్చి మంచం మీద కూర్చుని, నాతో ఆ జాబితాలు చదివించుకునేవాడు. ఎవరి పేరు తగిలితే వాళ్ల సంగతులు తన తల్లిని, మా అవ్వను, అడిగేవాడు. నా డైరీ అలవాటు అట్లా మొదలైంది. ఇవాళ్టికీ తేదీ వేసి, హాజరైనవారి పేర్లు రాయందే నాకు వాక్యం కదలదు. మా పెళ్లి రోజు పేజీలో నూటపన్నెండు పేర్లు రాసి పెళ్లికూతురి పేరు మరిచిపోయానని సుగుణ ఇప్పటికీ వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్విస్తుంది.

శివరాత్రి దాటి, పెళ్లిళ్లు దగ్గరపడే రోజుల్లో మదార్ చిచ్చా వచ్చేవాడు. ఊరంతటికీ దూది ఏకే మనిషి అతను. నిలువెత్తు విల్లు భుజాన వేసుకుని, నడుముకు ఎర్ర రుమాలు చుట్టుకుని, మా పెద్దింట్లో దూలానికి తాడు కట్టి ఆ విల్లును వేలాడదీసేవాడు. నారిని దూదిలో ముంచి, కొయ్యతో ఒక్క దెబ్బ కొడితే టుంయ్ మని ఇల్లంతా మోగేది, గోడకున్న అద్దం సన్నగా వణికేది, గడ్డకట్టిన దూది పాలనురుగులా విచ్చుకుని పైకి లేచేది. ఆ పోగులు మా జుట్టు మీదా కనుబొమల మీదా వాలితే పిల్లలమంతా ఒక్క పూటలో ముసలివాళ్లమై, కర్రలు పట్టుకుని వంగి నడుస్తూ ఒకరినొకరు తాతా అని పిలుచుకునేవాళ్లం. చిర్రగోనె ఆటలు కూడా ఆ రోజు మూలన పడేవి. వాడకట్టు ఆడవాళ్లు ముక్కులకు కొంగులు కట్టుకుని వచ్చి ఏకిన దూదిని పరుపు గలేబుల్లో కూరుతుండేవారు. మా అవ్వ సాయమ్మ మంచం మీద కూర్చుని అందరికీ పని పురమాయించేది. గడప అవతల కూలికి వచ్చిన బాలమ్మ, ఒళ్లో చాట పెట్టుకుని దూదిలోని గింజలూ చెత్తా ఏరుతుండేది. మధ్యాహ్నం జొన్నరొట్టెలు, పచ్చిపులుసు, పల్లీల తొక్కు. బాలమ్మ తన రొట్టె వాకిట్లోనే తినేది.

దెబ్బ దెబ్బకూ మధ్య ఉన్న ఖాళీలో మదార్ చిచ్చా పాట మొదలుపెట్టేవాడు. అప్పటికప్పుడు కట్టిన పాటలే. అతను ఒక చరణం పాడి ఆగితే, దూది కూరే చేతుల్లో ఎవరిదో ఒక నోరు రెండో చరణం అందించేది. నచ్చితే దాన్ని అతను రాగంలోకి ఎత్తుకుని రెండుసార్లు పాడి, చివర నారి మీద ఒక్క దెబ్బ కొట్టి, ఆ మాట ఇచ్చిన మనిషి పేరు పిలిచేవాడు. టుంయ్, నర్సమ్మ. టుంయ్, ఖాజాబీ. అదే అతని పద్ధతి. తర్వాత ఏ ఊరికి పోయి ఆ పాట పాడినా ఆ చరణం చివర ఆ పేరు పలికేది. అట్లా మా ఊరి ఆడవాళ్ల పేర్లు, ఊరు దాటి ఎరగనివాళ్లవి కూడా, కల్వకుర్తి దాకా, షాద్‌నగర్ దాకా తిరిగొచ్చాయి. ముహర్రంలో పీర్ల ముందు పాడినా అంతే. నిప్పుల గుండం చుట్టూ అలాయి ఆడేవాళ్లు కూడా ఆ పేర్ల దగ్గర కాలు గట్టిగా వేసేవారు. మర్నాడు చిచ్చా భార్య మోదుగాకులో కట్టి పంపిన మలీద తింటూ మేం ఆ పేర్లనే పాడుకుంటూ తిరిగేవాళ్లం.

ఆ పాటల్లో పేరుబడ్డది పరుపు పాట. అది మా ఇంట్లో, మా మేనత్త పెళ్లి పరుపు కుట్టిన రోజే పుట్టింది. అందులో రెండు చరణాలు నాకు నిద్రలో లేపి అడిగినా వస్తాయి.

*బండి మీద పరుపు బోయె, పరుపు మీద బిడ్డ బోయె,*
*నా ఒడి దులిపితే దూది మిగిలె.*

*పదిండ్ల పరుపులు నింపితి గని*
*నా ఈపుకు నేలే మెత్తన.*

ఈ రెండోది మా అవ్వ మాట అని మా ఇంటిల్లిపాదికీ గర్వం. తొంభైల్లో నల్గొండలో ఒక షాపువాళ్లు మదార్ చిచ్చా పాటలు క్యాసెట్టుగా తెచ్చినప్పుడు, పరుపు పాటలో "సాయమ్మ" అన్న పేరు వినబడగానే అక్కా నేనూ లేచి నిలబడ్డాం. తర్వాతి చరణాల చివర ఎవరి పేర్లు పలికాయో మేం చెవిన పెట్టలేదు. అవ్వ అప్పటికి పోయి మూడేళ్లు. ఆ క్యాసెట్టును తిప్పి తిప్పి వినీ వినీ చివరికి టేపు మెషిన్లో చుట్టుకుపోయి తెగింది. మళ్లీ ఎక్కడా దొరకలేదు.

ఇప్పుడు చెప్పండి, నా కోపం తప్పా? కొత్త ఆల్బమ్‌లో విల్లు మోత లేదు. దాని జాగాలో కీబోర్డు మీద తయారుచేసిన ఏదో టప్పుటప్పుమనే చప్పుడు. ఆ గొంతు, డెబ్బై ఎనిమిదేళ్ల గొంతు, ఇంకా గరుకుగా, ఇంకా బాగుంది, కానీ దాని చుట్టూ బావిలో నుంచి పాడినట్టు ప్రతిధ్వని చుట్టారు. ఇవన్నీ ఓర్చుకుంటాను. కాలం మారింది, యంత్రాలు మారాయి. కానీ తొమ్మిది పాటల్లో ఒక్క పేరు లేదు. చరణం అయిపోగానే, నారి దెబ్బ పడి పేరు వినబడాల్సిన చోట, పిల్లనగ్రోవి. ఫోను తెరమీద పాట కింద రాసి ఉంది: రచన, గానం: మదార్ సాబ్. నర్సమ్మ లేదు, ఖాజాబీ లేదు, మా అవ్వ లేదు. తమ మాటలిచ్చిన మనుషులను ఊరూరా తిప్పినవాడే చివరికి అందరినీ బండి దింపేసి ఒక్కడే ఎక్కి పోయాడనిపించింది. అన్నం పెట్టిన ఇంటి పేరు మరిచిపోయేవాళ్లను చూశాను. చిచ్చా ఆ కోవలోకి వస్తాడని అనుకోలేదు.

నేను ఇదంతా గట్టిగానే అన్నాను. యాదమ్మక్క దూది గడ్డను వేళ్లతో విప్పుతూ, "అవ్వుంటే నవ్వుతుండెరా. పేరు లేకుంటే పాట ఆగుతదా అంటుండె" అంది. సుగుణ నా వైపు చూసి, "పెండ్లికూతురు పేరు రాయని ఆయనకు గింత కోపమా" అంది. నాకు నవ్వు రాలేదు. చిచ్చా రాయడం రానివాడు. ఎనిమిదో తరగతి వేసవి సెలవుల్లో అతని పాటలన్నీ మంచి చేతిరాతతో నూరు పేజీల నోటుబుక్కులో రాసిచ్చింది నేనే. అతను పాడుతూ కూర్చుంటే పది రోజులు రాశాను. ఆ బుక్కును అతను పెట్టెలో ఖురాన్ పక్కన పెట్టుకున్నాడని అతని కూతురు ఒకసారి చెప్పింది. అట్లాంటి మనిషి ఇట్లా చేయవచ్చా అని అడగడానికి నాకు హక్కుందనుకున్నాను. పాత డైరీల పెట్టె దింపి, పరుపు కుట్టిన రోజు ఉన్న సంవత్సరం డైరీ తీసి సంచిలో పెట్టుకున్నాను.

తెల్లవారి ఆరు గంటల బస్సుకు నందికొండ పోయాను. మా బాపు పని చేసిన కాలువల ఆఫీసుకు కాస్త దూరంలో, కాలనీ క్వార్టర్లో కూతురి దగ్గర ఉంటున్నాడు చిచ్చా. అరుగు మీద కూర్చుని చాయ్‌లో రొట్టె ముంచుకుంటున్నాడు. నన్ను గుర్తుపట్టడానికి బాపు పేరు చెప్పాల్సి వచ్చింది. గుర్తుపట్టాక నా చెయ్యి వదలలేదు. డిగ్రీ చదివే మనుమరాలు షబానా, ఆల్బమ్ చేయించింది తనే, నాకు కుర్చీ వేసింది. కూర్చోగానే అడిగేశాను, పేర్లన్నీ ఎందుకు తీసేశావని.

చిచ్చా నొచ్చుకోలేదు. షబానాకేసి చూసి, బుక్కు తెమ్మన్నాడు. అట్ట చిరిగి, దారంతో కుట్టిన నా నోటుబుక్కు. తెరిచాను. ప్రతి పాట పైనా, మా తెలుగు వాచకంలో పద్యం పైన కవి పేరు ఉన్నట్టే, ఎర్రసిరాతో, కింద రెండు గీతలతో, నా చేతిరాత: రచన: మదార్ సాబ్. కింద చరణాలు, అంకెలు వేసి, మార్జిన్ తప్పకుండా. ఒక్క పేరు లేదు. అతను ప్రతి చరణం చివరా పేరు పిలిచే ఉంటాడు. దగ్గును ఎవరూ రాయనట్టే నేను వాటిని రాయలేదు.

"నాకు యాది పోయింది బిడ్డా," అన్నాడు చిచ్చా. "రెండేండ్లాయె. పోరి చదివింది, నేను పాడిన. నువ్వు రాయంది నాకాడ లేదు."

సంచిలోంచి డైరీ తీశాను. ఆ రోజు ఎవరెవరున్నారో ఇందులో ఉంది, పేర్లు వింటే నీకు గుర్తొస్తాయి అన్నాను. ఎంతో ఆశతో, నెలాఖరున బాపుకు చదివినట్టే చదివాను. సాయమ్మ, నర్సమ్మ, ఖాజాబీ, మా మేనత్త, కరణం గారి కోడలు, ఇంకా ముగ్గురు. ఒక్కో పేరుకూ అతని చూపుడువేలు మోకాలి మీద చిన్నగా తట్టింది. జాబితా అయిపోయింది. వేలు ఇంకా పైకే ఉంది.

"ఇంకెవలు?"

"అంతే చిచ్చా. అందరూ అయిపోయిన్రు."

"బాలమ్మను రాయలేదా?"

పేజీ మళ్లీ చూశాను. లేదు. ఇంటికి వచ్చినవాళ్లను రాయమన్నాడు బాపు. గడప అవతల కూర్చున్న మనిషి నాకు వచ్చినట్టు లెక్కలోకి రాలేదు.

"పదిండ్ల మాట గామెది," అన్నాడు చిచ్చా. అది మా అవ్వ మాట కదా అన్నాను. అతను తల అడ్డంగా ఊపి, పసివాడికి చెప్పినట్టు మెల్లగా అన్నాడు: "మీ అవ్వకు మంచమున్నది గద బిడ్డా. మీ అవ్వది పెండ్లి బండి మాట."

అన్నీ పోయినవాడికి ఆ ఒక్కటి ఎట్లా మిగిలిందో నేను అడగలేదు. దూలానికి కట్టే విల్లు పోయింది, పెద్దింట్లో తేలే దూది పోయింది, చరణం చివర ఆగి పేరు పిలిచే ఆ ఒక్క క్షణం కూడా పోయింది, ఆ చివరిదాన్ని పోగొట్టింది కీబోర్డు కాదు. షబానా ఫోను తీసి, పేర్లు చెప్తే పాటల కింద చేరుస్తానంది. సాయమ్మ, నర్సమ్మ, ఖాజాబీ అని రాసుకుంది. తర్వాత, "బాలమ్మ ఇంటిపేరేంది అంకుల్?" అని అడిగింది. చిచ్చా నావైపు చూశాడు. మా ఇంటికి ఎవరెవరు వచ్చి పోయారో రాసిపెట్టినవాణ్ని, నాకు తెలియదన్నాను.

ఆ పేజీలో జాబితా ముగిసినచోట, ఎనిమిదో తరగతిలో నేను స్కేలు పెట్టి ఒక గీత గీసి ఉంచాను, ఇక ఎవరూ లేరన్నట్టు. కలం తీసి, ఆ గీత కింద రాశాను: బాలమ్మ.