గ్లాసు బాబాయి

చెరువు నీళ్లలోంచి, నాచును పెంచే భాస్వరాన్ని పీల్చేసే కొత్త యంత్రానికి కాపలా ఉండేవాణ్ణి అందరూ గ్లాసు బాబాయి అంటారు. యంత్రానికి రెండు కొళాయిలున్నాయి. ఒకదాంట్లో చెరువు నీళ్లు పచ్చగా ఉన్నవి ఉన్నట్టే వస్తాయి, రెండోదాంట్లో శుభ్రమై వస్తాయి. పెద్దలెవరైనా చూడవచ్చినప్పుడల్లా ఇంజనీరు రెండో కొళాయి తిప్పి గ్లాసు నింపుతాడు. బాబాయి చొక్కా మెడ గుండీ పెట్టుకుని, తువ్వాలు భుజం మార్చుకుని, కళ్లు మూసుకుని గటగటా తాగేస్తాడు. చప్పట్లు మోగుతాయి. యంత్రం తీసేది ఒక్క భాస్వరాన్నేనని, అవి తాగే నీళ్లు కావని ఇంజనీరుకు తెలుసు. బాబాయికి కడుపే చెబుతుంది. షెడ్డు వెనక్కి పోయి కక్కుకుని, మూతి కడుక్కుని, నవ్వు మొహంతో తిరిగొస్తాడు.

మొన్న యంత్రం మొరాయించిన రోజే అతిథులు దిగారు. ఇంజనీరు గుట్టుచప్పుడు కాకుండా తన మంచినీళ్ల సీసా గ్లాసులోకి ఒంపాడు. తాగిన బాబాయి మొహం వెలిగిపోయింది.

"ఇవాళ మిషను భలే పనిచేసింది బాబూ! కడుపులో తిప్పడమే లేదు!" అన్నాడు, మెచ్చుకుందామనే.

అతిథులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"మా బాబాయి జోకులు ఇలాగే ఉంటాయండీ," అని ఇంజనీరు పకపకా నవ్వాడు. వాళ్లూ నవ్వేశారు.

మర్నాడు యంత్రం బాగైంది. అతిథులెవరూ లేరు. నిన్నటి మాట మనసులో పెట్టుకున్న ఇంజనీరు బాబాయిని పిలిచి, మొదటి కొళాయి తిప్పి, పచ్చటి గ్లాసు చేతికిచ్చాడు.

"తాగి చెప్పు బాబాయ్, ఎలా ఉన్నాయో."

బాబాయి మెడ గుండీ పెట్టుకున్నాడు. తువ్వాలు భుజం మార్చుకున్నాడు. కళ్లు మూసుకుని చివరి చుక్కదాకా తాగాడు.

"బాగున్నాయి బాబూ."

ఈసారి చప్పట్లు కొట్టింది ఇంజనీరొక్కడే.