ఫోన్‌లో అక్క రక్తం

రుద్రూర్ దగ్గరి ఆరోగ్య కేంద్రంలో నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. నిరుడు చెరకు కొట్టడానికి మహారాష్ట్ర కూలీలు వచ్చి గుడిసెలు వేసుకున్నప్పుడు, అక్కడికే వెళ్లి రక్తం చూడమని ఫోన్‌కు తగిలించే మైక్రోస్కోప్ ఒకటి మాకిచ్చారు. దాంతోపాటు తపాలా బిళ్లంత ప్లాస్టిక్ పలకలు. వాటిలో వెంట్రుక కన్నా సన్నని కాలువలు. అంచున చుక్క రక్తం పెడితే దానంతటదే లోపలికి పాకుతుంది. రంగు పట్టిన తెల్ల కణాలు మెరుస్తాయి, ఫోన్ లెక్కపెడుతుంది, ఎరుపును బట్టి రక్తం ఎంతుందో కూడా చెబుతుంది. ముందు ఇంట్లోవాళ్ల మీద చెయ్యి అలవాటు చేసుకొమ్మన్నారు.

ఆదివారం అక్క బోధన్‌లోని మా ఇంటికి వచ్చింది. రెండు ముద్దలకే కడుపు నిండుతోందని, ఎడమ పక్క బరువుగా ఉంటోందని కొన్నాళ్లుగా అంటోంది. గ్యాస్ అనుకున్నాం.

"నా వేలు గుచ్చు చెల్లె, నాకేం భయం లేదు" అంది.

గుచ్చాను. తెరమీద అక్కడొకటి, ఇక్కడొకటి మెరవాల్సింది. కాలువ పొడుగునా మెరుపే. లెక్క తన పరిధి దాటిందని ఫోన్ చూపింది. పలక పాడైందనుకుని ఇంకోటి తీశాను. అదే. మూడో పలకలో నా రక్తం పెట్టాను. బాగానే ఉంది.

"ఏమైందే?"

"ఫోన్ సతాయిస్తున్నది అక్కా."

చేతులు కడుక్కుని అన్నం తిన్నాను. భయం వస్తుందని చూశాను. రాలేదు.

మర్నాడు నిజామాబాద్‌లో పెద్ద డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన అక్క రక్తం పూసిన గాజు పలకను మైక్రోస్కోప్ కింద చాలాసేపు చూసి, లేచి, తన కుర్చీలో నన్ను కూర్చోమన్నాడు. "నువ్వు గూడ సూడమ్మా."

ముదరని తెల్ల కణాలు, ముదిరినవి, అన్నీ గుంపుగా. చూస్తూ నేను వాటిని రకాలవారీగా లెక్కపెడుతున్నాను. అవి మా అక్కవని తెలుసు. లెక్క ఆపలేదు.

"రక్తంల క్యాన్సరే. గానీ దీనికి గోలీ ఉన్నది. దినాం మింగాలె, బంద్ చేయొద్దు. హైదరాబాద్‌కు రాసిస్త" అన్నాడు డాక్టర్.

తిరుగు బస్సులో అక్క కిటికీలోంచి చూస్తూ అడిగింది.

"నిన్ననే తెల్సిందా నీకు?"

"తెల్సింది."

"నా ముందల కూసోని అన్నం తిన్నవు గదనే."

"తిన్న."

"మళ్ల వడ్డిచ్చుకున్నవు గూడ." కోపంగా కాదు, ఊరికే అంది. నేను డాక్టర్ రాసిచ్చిన చీటీ మడిచి సంచిలో పెట్టాను.

ఆ వారమే కూలీల గుడిసెలకు వెళ్లాను. మరాఠీలో వచ్చిన నాలుగు ముక్కలతో అడిగి వేళ్లు గుచ్చాను. చాలామందికి రక్తం తక్కువ. రాసుకుని మాత్రలిచ్చాను.

గోలీ పనిచేసింది. కొన్ని నెలలకు అక్క లెక్క మామూలుకొచ్చింది. ఇప్పుడు కడుపునిండా తింటోంది. ఆ రిపోర్టు వచ్చిన రోజు ఆస్పత్రి వరండాలో నన్ను పట్టుకుని ఏడ్చింది.

"నువ్వు గుచ్చకపోతే నేను ఉండకపోతుంటి చెల్లె" అంది.

నాకు సంతోషం వేయాలి. భుజం తడుతూ నిలబడ్డాను. ఆమె ఏడుపు ఆగాక, మందుల కిటికీ మూసేస్తారేమోనని చీటీ తీసుకుని వరసలోకి వెళ్లాను.