క్లీనర్ సీటు

బండికి ఫొటో తీయడమంటే సగం పని తుడవడమే. ఈ మాట చెబితే ఎవరూ నమ్మరు. పత్రికలో నిగనిగలాడే బండిని చూసి, అబ్బ, ఏం కెమెరానో అంటారు. కెమెరా సంగతి తర్వాత. ముందు మెత్తని గుడ్డ పట్టుకుని మోకాళ్ల మీద కూర్చోవాలి. టైరు సందుల్లో మట్టి, అద్దం మీద పిట్టరెట్ట, తలుపు అంచున జిడ్డు వేలిముద్ర, అన్నీ వదలగొట్టాలి. నేను పెళ్లిళ్ల ఫొటోలు మానేసి ఈ పనిలోకి వచ్చిందే బండ్లయితే కళ్లు ఆర్పవు, అలగవు, సరిగ్గా గ్రూప్ ఫొటో వేళకు మాయమవవు అని. వరంగల్‌లో ఉండి, హైదరాబాదులో అచ్చయ్యే ఒక మోటారు పత్రికకు పని చేస్తాను. పాత బండ్లను కోసి, అతికించి, కొత్త రూపం ఇచ్చేవాళ్లు ఈ చుట్టుపక్కల కూడా ఉన్నారు. వాళ్ల బండ్లకు ఫొటోలు తీస్తాను. ఫొటో కింద వేసే వివరాలు కూడా నేనే అడిగి పంపాలి. ఇంజను ఏది, టైర్లు ఏవి, రంగు ఏది, సీట్లు ఎన్ని, అంతే.

మా ఎడిటర్‌కు ఒక జబ్బుంది. వరంగల్ అనగానే బండి వెనక రాతి తోరణం కావాలంటాడు. అక్కడ బండి పెట్టనివ్వరు బాబూ అని చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది. అందుకని ఖిలా వరంగల్‌లో మట్టికోట పక్కనుంచి పోయే ఒక రోడ్డు చూసి పెట్టుకున్నాను. ఆదివారం పొద్దున అక్కడ మేకలు తప్ప ఎవరూ తిరగరు. ఒక పక్క కోట మీద గడ్డి, మరో పక్క మొక్కజొన్న చేను. ఏ రంగు బండిని నిలబెట్టినా నప్పుతుంది.

ఆ ఆదివారం అక్కడికి వచ్చిన బండి ఒకప్పటి జీపు. దాని యజమాని యాభై దాటిన మనిషి. హన్మకొండ నుంచి ములుగుకు జనాన్ని ఎక్కించుకుని ఏళ్ల తరబడి ఆ జీపే నడిపాడు. ఆటోలు, బస్సులు పెరిగి గిరాకీ పోయాక ఒక స్కూలు బస్సు డ్రైవరుగా చేరాడు. జీపును మాత్రం తుక్కుకు వేయబుద్ధి కాలేదు. వెల్డింగ్ షాపున్న బామ్మర్దితో కలిసి దాని పైకప్పు తీసేశాడు, ఛాసిస్ కిందికి దించాడు. ముందు సన్నటి చక్రాలు, వెనక ఇంతింత వెడల్పు చక్రాలు పెట్టి, పండు మిరపకాయ రంగు కొట్టించాడు. చూడగానే నాకు నచ్చేసింది. నాకు ఏదీ అంత తొందరగా నచ్చదు.

"సీట్లెన్ని?" అని అడిగాను.

"ఒక్కటే సార్," అన్నాడు యజమాని గర్వంగా. "ఇరవై మంది ఎక్కిన జీపు. ఇప్పుడు రాజు లెక్క ఒక్కడే కూసోవాలె."

నా సంచి మోసుకొస్తున్న బామ్మర్ది నిట్టూర్చాడు. "గదే కొంప ముంచింది సార్," అన్నాడు.

కథ ఇద్దరూ చెరి సగం చెప్పారు. జీపు నడిచిన రోజుల్లో క్లీనరు ఎవడూ నిలవకపోతే ఆయన భార్యే బండెక్కేదట. ఆమె ఈ వెల్డరుకు సొంత అక్క. ఎడమ దిక్కు సీటులో కూర్చుని, తల బయటికి పెట్టి, గూడెప్పాడ్, మల్లంపల్లి, ములుగు అని పిలిచేది. రేకు మీద అరచేత్తో ఒక్క దెబ్బ కొడితే ఆపమని, రెండు కొడితే పోనిమ్మని. ఆ దారిలో ఆమె చేతి చప్పుడు తెలియని ఊరు లేదట. బండిని కోసేటప్పుడు బావాబామ్మర్దులు ఆలోచించింది ఇంతే. ఇక జనం ఎక్కేది లేదు, జనం లేకపోతే క్లీనరెందుకు, క్లీనరు లేకపోతే క్లీనర్ సీటెందుకు. ఏళ్లుగా దాన్ని ఆ పేరుతోనే పిలిచారు గనక అది ఆమె కూర్చునే సీటని ఇద్దరిలో ఒక్కడికీ తట్టలేదు. సీటు తుక్కులో పోయింది. బండి తయారై ఇంటి ముందు ఆగిన నాడు ఆమె దాని చుట్టూ ఒకసారి తిరిగి, "మరి నేనేడ కూసోవాలె?" అని అడిగి లోపలికి పోయింది. అప్పటి నుంచి బండి మొహం చూడలేదు. మొగుడికి అన్నం పెడుతుంది, మాట్లాడదు.

"పుస్తకంల పడ్డదంటె జర మెత్తబడ్తదని సార్," అన్నాడాయన. "ఆమె ఒక్కపారి ఎక్కి కూసుంటె సాలు. లేకపోతె గీ రంగులు, గీ చక్రాలు అన్నీ దండుగనే."

బండికి ఫొటో తీయమంటే తీస్తాను. కాపురాలు బాగుచేయడం నాకు చేతకాదు.

ఆయన ఆ రంగు మీద ఎవరినీ చెయ్యి వేయనివ్వలేదు. మేక దగ్గరికి వస్తే గుడ్డ ఊపుతూ అడ్డం నిలబడ్డాడు. బామ్మర్ది ఆనుకోబోతే కసిరాడు. ఈ విషయంలో మాత్రం ఆయనకూ నాకూ భలే కుదిరింది. నిలబెట్టి తీసేవన్నీ ఎండ ఎక్కకముందే అయిపోయాయి. ఇక పరుగెత్తే ఫొటో మిగిలింది.

పత్రికలో బండి గాలిలా పోతున్నట్టు కనిపిస్తుందే, అప్పుడు నిజానికి అది ఎద్దుబండి కన్నా మెల్లగా కదులుతుంటుంది. ఛాసిస్‌కు పొడుగాటి అల్యూమినియం కర్ర బిగించి, చివర కెమెరా పెడతాం. ఇంజను ఆన్‌లో ఉంటే వణుకుతుంది గనక ఆపేసి, వెనక నుంచి తోస్తాం. పగటి వెలుగు ఎక్కువ పడకుండా లెన్సుకు నల్ల అద్దం తొడిగి, కాసేపు షట్టరు తెరిచి ఉంచితే, బండి నిలకడగా పడుతుంది, రోడ్డూ గోడా గీతలైపోతాయి. కర్రను తర్వాత కంప్యూటర్‌లో చెరిపేస్తాను. తోయడానికి ఇద్దరు కావాలి, స్టీరింగ్ పట్టడానికి ఒకరు, షట్టరు నొక్కడానికి నేను. ఉన్నది ముగ్గురం.

ఏం చేద్దామా అనుకుంటుండగా ఒక ఆటో వచ్చి ఆగింది. తెల్లచీరలో ఒకామె దిగింది. చంకలో బైబిల్ సంచి, చేతిలో టిఫిన్ క్యారియర్. ప్రార్థన ముగించుకుని నేరుగా వచ్చినట్టుంది. "తమ్మునికి తెచ్చిన," అంది, ఎవరూ అడగకముందే. క్యారియర్ గట్టు మీద పెట్టి, బండికి వీపు పెట్టి కూర్చుంది. ఆమె ఎవరో నాకు చెప్పనక్కర లేకపోయింది.

నిజం చెప్పాలంటే ఆ క్షణంలో వాళ్ల కాపురం నాకు గుర్తు లేదు. ఎండ ముదురుతోంది. ముదిరితే నల్ల అద్దం కూడా పనికిరాదు. "అక్కా, జర స్టీరింగ్ పడతవా?" అని అడిగేశాను.

"నాకు నడపరాదు."

"నడుపుడు లేదు, తోసుడే. తిన్నగ పట్టుకుంటె సాలు. ఆపుమన్నప్పుడు బ్రేకు తొక్కాలె."

ఆమె నా వైపు కాకుండా తమ్ముడి వైపు చూసింది. "ఒక్కటే సీటాయె. ఎక్కనిస్తడా అడుగు."

"బావా, అడుగుతాంది," అన్నాడతను.

ఆయన పొద్దుటి నుంచి రంగు తుడుస్తున్న గుడ్డతో వెళ్లి సీటు తుడిచాడు. ఆమె కాళ్లు బ్రేకు దాకా అందవేమోనని ఆ గుడ్డనే మడిచి వీపు వెనక పెట్టాడు. ఆమె చెప్పులు విప్పి, ఎక్కి కూర్చుంది. "బ్రేకు ఇది," అన్నాడు. "ఎరుకే," అంది. చాలా రోజుల తర్వాత వాళ్లు మాట్లాడుకున్నది అదే అనుకుంటాను.

తోశారు. బండి చప్పుడు లేకుండా కదిలింది. నేను పక్కన నడుస్తూ షట్టరు నొక్కాను. చాలు అనగానే, ఆయన వెనక రేకు మీద అరచేత్తో ఒక్క దెబ్బ కొట్టాడు. ఎవరినీ వేలు పెట్టనివ్వని రంగు అది. చేయి అలవాటు కొద్దీ పోయింది. ఆమె బ్రేకు తొక్కింది.

కెమెరాలో చూస్తే కోటగోడ సరిగా గీతలు కాలేదు. ఇంకోసారి తోయాలన్నాను. ఇద్దరూ వెనక చేతులు ఆనించి సిద్ధంగా నిలబడ్డారు. నేను మళ్లీ చెప్పేలోపే, ఆమె వెనక్కి తిరగకుండా కుడిచెయ్యి బయటికి వేలాడేసి, ఎర్రని రేకు మీద దభాదభా రెండు దెబ్బలు వేసింది. మేకలు తలెత్తి చూశాయి.

ఆయన బండి మీద చేతులు ఆనించి తల వంచుకునే ఉండిపోయాడు. భుజాలు కదిలాయి.

"తొయ్యి బావా," అన్నాడు బామ్మర్ది నెమ్మదిగా. "రెండు కొట్టింది గద."

ఈసారి నేను ఆపమన్నచోట వాళ్లు ఆపలేదు, మలుపు దాకా తోసుకుంటూనే పోయారు. నేను పక్కన నడుస్తూ నొక్కుతూనే ఉన్నాను. ఎన్ని తీశానో లెక్క తప్పింది. బండ్ల దగ్గర ఇలా అయిన అలవాటు నాకు లేదు.

ఆ ఫొటోలో బండి గాలిలా పోతున్నట్టుంది. ఆమె తిన్నగా ముందుకు చూస్తోంది. వెనక ఇద్దరి చేతులు నాలుగూ చెరపాలి. ఆమె కొట్టిన చోట రేకు మీద ఐదు వేళ్లూ అరచెయ్యీ అచ్చుపడి ఉన్నాయి. కర్ర విప్పుతూ నేను దాన్ని చూసి, పాత జబ్బు కొద్దీ జేబులోంచి గుడ్డ తీశాను. ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు. "ఉండనియ్యి సార్," అన్నాడు.

సామాను సర్దుకుంటూ వివరాలు మరోసారి సరిచూసుకున్నాను. ఇంజను, టైర్లు, రంగు. "సీటు ఒకటే అని రాస్తున్నా," అన్నాను.

ఆయన బండి వైపు చూశాడు. ఆమె ఇంకా దిగలేదు.

"రెండని రాయి సార్. మీ పుస్తకం వచ్చేటాళ్లకు పెడుత."

"ఎడమ దిక్కు," అంది ఆమె, స్టీరింగ్ వదలకుండా.